ఏ ఆవిరి ఇంజిన్ గొప్పది? బ్రిటన్ వర్క్‌షాపుల పాత తగవులోని చిక్కులు

బ్రిటన్ రైల్వేలో ఆవిరి ఇంజిన్లు నిత్యసేవ నుంచి తప్పుకుని అర్ధశతాబ్దం దాటింది. 1968 ఆగస్టు 11న లివర్‌పూల్ నుంచి కార్లైల్‌కు వెళ్లి తిరిగొచ్చిన ప్రత్యేక రైలుతో వాటికి వీడ్కోలు చెప్పేశారు. వాటి మీద తగవు మాత్రం ఇప్పటికీ తెగలేదు. స్విండన్ అనే వర్క్‌షాపు ఊరి అభిమాని అక్కడ తయారైన ‘కాజిల్’ తరగతి ఇంజిన్ల పేరెత్తుతాడు. డాంకాస్టర్ అభిమాని ‘మాలార్డ్’ వేగాన్ని గుర్తుచేస్తాడు. క్రూ పక్షం వారు ‘డచెస్’ బలం ముందు అవేవీ నిలవవంటారు. దక్షిణ ఇంగ్లండ్ వారికి ఈస్ట్‌లీలో తయారైన ‘మర్చంట్ నేవీ’ ఉండనే ఉంది.

బయటివారికి ఇది సినిమా హీరోల అభిమానుల గొడవలా కనిపించవచ్చు. దగ్గర కూర్చుని వింటే, అందులో ఇంజినీరింగ్ ఉంది, ఆర్థికం ఉంది, కార్మికుల చరిత్ర ఉంది. అందరూ చెప్పేది చాలావరకు నిజమే. ఒకరు వేగాన్ని కొలుస్తున్నారు, ఇంకొకరు లాగే బలాన్ని, మరొకరు బొగ్గు పొదుపును. అన్నింటినీ కలిపి ‘గొప్ప’ అనే ఒక్క మాట కింద పెట్టడం వల్లే ఈ తగవు తేలడం లేదు. ప్రశ్నలను విడదీస్తే చాలావాటికి స్పష్టమైన సమాధానాలే దొరుకుతాయి.

ముందుగా, ఇంజిన్‌ను వర్క్‌షాపు పేరుతో ఎందుకు పిలుస్తారో చూడాలి. బ్రిటన్‌లో పెద్ద రైల్వే కంపెనీలు ఇంజిన్లను బయట కొనడం కంటే సొంతంగా తయారు చేసుకోవడానికే మొగ్గు చూపాయి. గ్రేట్ వెస్టర్న్ రైల్వే స్విండన్‌లో 1843లో వర్క్‌షాపు తెరిచింది. అదే ఏడాది క్రూలో మరొకటి పని మొదలుపెట్టింది. డాంకాస్టర్ వర్క్‌షాపు 1853 నాటిది. క్రూలో 1860లలోనే ఉక్కు కూడా స్వయంగా తయారు చేసుకున్నారు. ఈ వర్క్‌షాపుల చుట్టూ ఊళ్లు వెలిశాయి. స్విండన్‌లో కంపెనీ కట్టించిన ఇళ్లు, కార్మికులు నడుపుకున్న గ్రంథాలయం, జీతంలోంచి చందా వేసుకుని పెట్టుకున్న వైద్యనిధి ఉండేవి. తాత, తండ్రి, కొడుకు ఒకే షాపులో పనిచేసిన కుటుంబాలు లెక్కలేనన్ని. ఆ ఊరివాడు ‘మా ఇంజిన్’ అన్నప్పుడు ఆ మాటలో సొంతదనం ఉంది. ఈ తగవుకు ఇంత వేడి ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడే తెలుస్తుంది.

1923లో వందకు పైగా కంపెనీలను నాలుగు పెద్ద కంపెనీలుగా కలిపేశారు. స్విండన్ గ్రేట్ వెస్టర్న్‌కే మిగిలింది. క్రూ, డార్బీ వర్క్‌షాపులు లండన్ మిడ్‌లాండ్ అండ్ స్కాటిష్‌ చేతిలోకి, డాంకాస్టర్ లండన్ అండ్ నార్త్ ఈస్టర్న్‌ చేతిలోకి, ఈస్ట్‌లీ సదరన్ చేతిలోకి వెళ్లాయి. అభిమానులు ఎక్కువగా వాదించుకునే ఇంజిన్లన్నీ ఆ తర్వాతి పాతికేళ్లలోవే.

వేగం సంగతి

వేగం గురించి ఎక్కువ వాదించాల్సిన అవసరం లేదు. డాంకాస్టర్‌లో తయారైన మాలార్డ్, 1938 జులై 3న స్టోక్ వాలు మీదుగా దిగుతూ గంటకు 126 మైళ్లు, అంటే సుమారు 203 కిలోమీటర్ల వేగం అందుకుంది. వెనక వేగాన్ని నమోదు చేసే పరికరాల బండితో సహా ఏడు పెట్టెలు, 240 టన్నుల బరువు ఉన్నాయి. నమోదైన వేగాల్లో ఏ ఆవిరి ఇంజిన్‌దీ దీన్ని దాటలేదు.

క్రూ పక్షం వారు లేవనెత్తే అభ్యంతరం న్యాయమైనదే: అది దిగుడు వాలు, ఆ వేగం నిలిచింది కొద్ది క్షణాలే, పైగా మధ్య సిలిండర్ బేరింగు వేడెక్కి కరిగిపోయి ఇంజిన్‌ను పీటర్‌బరోలో రైలు నుంచి తప్పించాల్సి వచ్చింది. 1936లో జర్మనీ ఇంజిన్ ఒకటి దాదాపు చదునైన మార్గంలోనే గంటకు 200.4 కిలోమీటర్లు అందుకుంది. వాలు తీసేసి పోలిస్తే రెండోదే ఎక్కువ ఘనత అనిపించడంలో తప్పులేదు. క్రూ వారి సొంత రికార్డు 1937 జూన్ 29 నాటి 114 మైళ్లు. దాన్ని అందుకునే ప్రయత్నంలో క్రూ స్టేషన్ పట్టాల మలుపుల్లోకి మితిమీరిన వేగంతో దూసుకురావడంతో భోజనశాల పెట్టెలోని పింగాణీ పాత్రలు పగిలాయి. స్విండన్ వారు 1904లో ‘సిటీ ఆఫ్ ట్రూరో’ వంద మైళ్లు దాటిందంటారు. కానీ అది ఒక ప్రయాణికుడు స్టాప్‌వాచీతో చూసిన లెక్క. పరికరాల బండి సాక్ష్యంతో వంద మైళ్లు అందుకున్న మొదటి బ్రిటిష్ ఇంజిన్‌గా డాంకాస్టర్‌కు చెందిన ‘ఫ్లయింగ్ స్కాట్స్‌మన్’నే లెక్కిస్తారు. తేదీ 1934 నవంబరు 30.

కాబట్టి వేగంలో డాంకాస్టర్‌దే పైచేయి. అయితే రైల్వే కంపెనీకి ఒక్క రోజు రికార్డుతో పొట్ట నిండదు. రోజూ పన్నెండు పద్నాలుగు పెట్టెలను వేళకు చేర్చాలి, అదీ తక్కువ బొగ్గుతో. అసలు కథ అక్కడుంది.

1925: చిన్న ఇంజిన్ నేర్పిన పాఠం

1924లో లండన్‌లోని వెంబ్లీలో జరిగిన సామ్రాజ్య ప్రదర్శనలో స్విండన్ ‘కాజిల్’ ఒకటి, డాంకాస్టర్ ‘ఫ్లయింగ్ స్కాట్స్‌మన్’ పక్కపక్కనే నిలబడ్డాయి. కాజిల్ సుమారు 80 టన్నులు, డాంకాస్టర్ ఇంజిన్ 92 టన్నులు. చూపుకు చిన్నదైన కాజిల్ దగ్గర, దేశంలో అత్యంత బలమైన ప్యాసింజర్ ఇంజిన్ ఇదేనని బోర్డు పెట్టారు. డాంకాస్టర్ వారికి అది మింగుడుపడలేదు.

ఆ బోర్డుకు ఆధారం ‘ట్రాక్టివ్ ఎఫర్ట్’ అనే అంకె. సిలిండర్ కొలతలు, చక్రం వ్యాసం, బాయిలర్ పీడనం తీసుకుని కాగితం మీద వేసే లెక్క ఇది. నిలబడి ఉన్న రైలును ఇంజిన్ ఎంత బలంగా కదపగలదో ఇది చెబుతుంది. గంటకు 60 మైళ్ల వేగంలో గంటసేపు ఎంత పని చేయగలదో చెప్పదు. అది బాయిలర్ ఎంత ఆవిరిని ఆగకుండా పుట్టించగలదన్న దాని మీద ఆధారపడుతుంది. అభిమానుల వాదనల్లో అన్నింటికన్నా ఎక్కువగా దుర్వినియోగమయ్యే అంకె ఇదేనని నా అభిప్రాయం. 1927లో స్విండన్ వారే ‘కింగ్’ ఇంజిన్లను తయారు చేసేటప్పుడు, ఈ అంకె 40,000 పౌండ్ల బలం దాటాలన్న పట్టుదలతో చక్రాల వ్యాసం, సిలిండర్ల కొలతలు సవరించారు. 40,300 వచ్చింది. ఒక్కో ఇరుసు మీద బరువు ఇరవై రెండున్నర టన్నులకు చేరడంతో ఆ ఇంజిన్లు తిరగగల మార్గాలు మాత్రం తగ్గిపోయాయి.

తగవు తీర్చడానికి 1925లో రెండు కంపెనీలు ఇంజిన్లు మార్చుకున్నాయి. ‘పెండెన్నిస్ కాజిల్’ లండన్ కింగ్స్ క్రాస్ నుంచి డాంకాస్టర్ మార్గంలో పనిచేసింది. డాంకాస్టర్ ఇంజిన్ ‘విక్టర్ వైల్డ్’ గ్రేట్ వెస్టర్న్ మార్గానికి వెళ్లింది. కింగ్స్ క్రాస్ దాటగానే నిటారుగా ఎక్కాలి. అక్కడి సొంత ఇంజిన్లు చేయలేని సమయంలో కాజిల్ చక్రాలు జారకుండా ఫిన్స్‌బరీ పార్క్ చేరింది. రెండు మార్గాల్లోనూ తక్కువ బొగ్గు వాడింది.

గుట్టు వాల్వులో ఉంది. సిలిండర్‌లోకి ఆవిరిని వదిలి, పిస్టన్ ఇంకా చాలా దూరం జరగాల్సి ఉండగానే సరఫరా ఆపేస్తే, లోపలున్న ఆవిరి వ్యాకోచిస్తూ మిగతా దూరం పిస్టన్‌ను నెడుతుంది. ఎంత ముందుగా ఆపితే అంత ఆవిరి, అంత బొగ్గు మిగులుతుంది. అయితే వాల్వు కదిలే దూరం తక్కువైతే, అలా ముందుగా ఆపే అమరికలో ఆవిరి ద్వారాలు సన్నగా మాత్రమే తెరుచుకుంటాయి. ఆవిరి లోపలికి సరిగ్గా చేరదు, పని అయ్యాక త్వరగా బయటకూ పోదు. డ్రైవర్ విధిలేక ఎక్కువ ఆవిరి వదలాల్సి వస్తుంది. స్విండన్ ఇంజినీరు జార్జ్ జాక్సన్ చర్చ్‌వర్డ్ 20వ శతాబ్దం మొదట్లోనే అమెరికా, ఫ్రాన్స్ ఇంజిన్లను శ్రద్ధగా చదివి, ఎక్కువ దూరం కదిలే వాల్వులను, మంటగది వైపు లావుగా ఉండి ముందుకు సన్నబడే బాయిలర్‌ను, అప్పటి బ్రిటన్‌కు ఎక్కువనిపించే, చదరపు అంగుళానికి 225 పౌండ్ల పీడనాన్ని ఒకచోట చేర్చాడు. కాజిల్ ఆ ఆలోచనల వారసురాలు.

డాంకాస్టర్ ప్రధాన ఇంజినీరు నైజెల్ గ్రెస్లీ ఈ ఫలితాన్ని చూసి తన ఇంజిన్ల వాల్వులను మార్పించాడు. మైలుకు 50 పౌండ్ల బరువు దగ్గర ఉన్న బొగ్గు వాడకం 40 లోపుకు దిగింది. 1928 మే 1 నుంచి లండన్, ఎడిన్‌బరోల మధ్య 393 మైళ్లు ఎక్కడా ఆగకుండా రైలు నడపగలిగారంటే, ఇంజిన్ వెనకుండే బొగ్గు బండి (టెండర్)లోని బొగ్గు అంత దూరం సరిపోయినందువల్లే. డాంకాస్టర్ అభిమానులు అంతగా గర్వించే ఆ రైలు వెనక స్విండన్ నేర్పిన పాఠం ఉంది. గ్రెస్లీ దాన్ని స్వీకరించిన తీరు ఆయన గొప్పతనాన్ని ఏమాత్రం తగ్గించదు.

ఎవరి బొగ్గు, ఎవరి పట్టాలు

1948లో రైల్వేలను జాతీయం చేశాక మరింత పెద్ద పోటీ పెట్టారు. అన్ని ప్రాంతాల ఇంజిన్లూ ఒకరి మార్గాల్లో మరొకరివి పరుగెత్తాయి. ప్రతి అభిమానీ ఇప్పటికీ ఈ ఫలితాల్లోంచి తనకు కావలసిన అంకెనే ఏరుకుంటాడు.

ఇంజిన్ చేసిన పనికి ఎంత బొగ్గు ఖర్చయిందన్న లెక్కలో మాలార్డ్ తరగతి ముందు నిలిచింది. ఒక హార్స్‌పవర్ చొప్పున గంటకు సుమారు 3 పౌండ్లు. డచెస్ తరగతి దానికి చాలా దగ్గరగా వచ్చింది. కింగ్, మర్చంట్ నేవీ సుమారు 3.6 పౌండ్ల దగ్గర ఆగాయి. ఇక్కడ స్విండన్ పక్షం కోపం అర్థం చేసుకోదగినది. 1920లలో ఒక కాజిల్ మీద జరిపిన పరీక్షలో వచ్చిన అంకె 2.83 పౌండ్లు. పాతికేళ్లలో స్విండన్ నైపుణ్యం అడుగంటిందా? లేదు, బొగ్గు మారింది. గ్రేట్ వెస్టర్న్ ఇంజిన్ల మంటగదులు సౌత్ వేల్స్ బొగ్గుకు తగినట్టు తీర్చినవి. ఆ బొగ్గు నిదానంగా, తీవ్రమైన వేడితో కాలుతుంది. 1948లో వాటికి యార్క్‌షైర్ గట్టి బొగ్గు ఇచ్చారు. దాన్ని కాల్చే పద్ధతే వేరు. పైగా కింగ్ వెడల్పు ఎక్కువ కావడంతో చాలా మార్గాల్లో దాన్ని అనుమతించనేలేదు.

అదే పోటీలో మాలార్డ్ తరగతి ఇంజిన్లు మధ్య బేరింగు వేడెక్కి దారిలో ఆగిపోయిన సందర్భాలున్నాయి. తక్కువ బొగ్గు తిన్న ఇంజిన్ గమ్యం చేరకపోతే ఆ పొదుపుకు విలువేముంది? నమ్మకాన్ని కొలిచే అంకె ఆ పట్టికల్లో లేదు.

మర్చంట్ నేవీని కూడా ఈ వెలుగులోనే చూడాలి. దాని రూపకర్త ఆలివర్ బుల్లీడ్ డాంకాస్టర్‌లో గ్రెస్లీ దగ్గర పనిచేసి సదరన్ రైల్వేకు వచ్చినవాడు. 280 పౌండ్ల పీడనంతో ఆయన చేసిన బాయిలర్ అద్భుతమైనది. ఎంత అడిగితే అంత ఆవిరి ఇచ్చేది. వాల్వులను మాత్రం గొలుసులతో నడిపించి, ఆ యంత్రాంగాన్నంతా నూనె తొట్టిలో మూసిపెట్టాడు. గొలుసులు సాగాయి, నూనె కారింది, అప్పుడప్పుడు మంటలూ లేచాయి. 1956 నుంచి మొత్తం 30 ఇంజిన్లనూ మామూలు వాల్వు యంత్రాంగంతో తిరిగి కట్టాల్సి వచ్చింది. అలా తిరిగి కట్టిన రూపమే దేశంలో మేలైన ఇంజిన్లలో ఒకటని నేనంటే, బుల్లీడ్ అభిమానులు నొచ్చుకుంటారు. ఆయన బాయిలర్ లేకపోతే ఆ రూపం కూడా లేదన్నది వారి జవాబు. అదీ నిజమే.

బలం సంగతికి వస్తే డచెస్‌కు సాటి లేదు. 1939 ఫిబ్రవరిలో ‘డచెస్ ఆఫ్ అబెర్‌కార్న్’ 20 పెట్టెలు, 600 టన్నులకు పైగా బరువుతో క్రూ, గ్లాస్గోల మధ్య పరుగెత్తి, సిలిండర్లలో 3,300 హార్స్‌పవర్ దాటింది. బ్రిటన్‌లో ఏ ఆవిరి ఇంజిన్ నుంచీ పరీక్షల్లో ఇంత బలం నమోదు కాలేదు. ఆ మార్గంలో షాప్, బీటాక్ అనే రెండు కఠినమైన ఎత్తులున్నాయి. 75 అడుగులకు ఒక అడుగు చొప్పున మైళ్ల తరబడి ఎక్కాలి. అందుకే క్రూకు ఇంత పెద్ద బాయిలర్, 50 చదరపు అడుగుల మంటగది కావలసి వచ్చాయి. ఆ రోజు బొగ్గు వేయడానికి ఇద్దరు ఫైర్‌మన్లు ఉన్నారన్నది చాలామంది చెప్పని విషయం. పారతో బొగ్గు వేసే మనిషి చేతులకు ఒక హద్దు ఉంటుంది. మామూలు రోజుల్లో ఆ హద్దే డచెస్‌కూ హద్దు అయింది.

మనుషులు ఊళ్లు మారారు

డచెస్‌ను రూపొందించిన విలియం స్టానియర్ పుట్టి పెరిగింది, పని నేర్చింది స్విండన్‌లో. 1932లో ఆయన లండన్ మిడ్‌లాండ్ అండ్ స్కాటిష్ ప్రధాన ఇంజినీరుగా వెళ్లి, చర్చ్‌వర్డ్ ఆలోచనలను వెంట తీసుకెళ్లాడు. మొదట్లో అన్నీ నెగ్గలేదు. ఆవిరిని బాయిలర్ వేడి కన్నా ఇంకా వేడెక్కించే సూపర్‌హీటర్‌ను స్విండన్‌లో మాదిరిగా చిన్నదిగానే పెట్టాడు. కొత్త చోట, వేరే బొగ్గుతో ఆ ఇంజిన్లు సరిగా ఆవిరి ఇవ్వలేదు. సూపర్‌హీటర్ పెద్దది చేశాక గానీ దారికి రాలేదు. స్విండన్ విద్యను క్రూ అవసరాలకు తగినట్టు మార్చుకున్నాకే డచెస్ పుట్టింది.

డాంకాస్టర్ గ్రెస్లీ యువకుడిగా పని నేర్చింది క్రూలో. ఆయన ఇంజిన్లను వేధించిన మధ్య బేరింగు సమస్యను తీర్చింది మళ్లీ స్విండన్ మనిషే. కెన్నెత్ కుక్ 1950లలో తూర్పు ప్రాంతానికి బదిలీ అయి, ఫ్రేమ్, సిలిండర్లు సూటిగా ఉన్నాయో లేదో కటకాల పరికరాలతో కొలిచే స్విండన్ పద్ధతిని డాంకాస్టర్‌లో ప్రవేశపెట్టాడు, బేరింగు రూపాన్నీ మార్పించాడు. మాలార్డ్ తరగతి చివరి ఏళ్లలో అంత నమ్మకంగా పనిచేయడానికి ఇది ముఖ్య కారణం.

ఇది తెలిశాక ‘స్విండన్ గొప్పదా, డాంకాస్టర్ గొప్పదా’ అన్న ప్రశ్న నాకు సగం అర్థం కోల్పోయినట్టే అనిపిస్తుంది. ఏ ఒక్క ఇంజిన్‌నో ఎంచుకోమంటే నేను ఎంచుకునేది రికార్డులేవీ లేని స్టానియర్ ‘బ్లాక్ ఫైవ్’ను. 1934 నుంచి 1951 వరకు 842 తయారయ్యాయి. దాదాపు అన్ని మార్గాల్లో తిరగగలిగాయి, ప్యాసింజర్ రైళ్లనూ గూడ్సు బండ్లనూ లాగాయి. మొదట చెప్పిన 1968 వీడ్కోలు రైలును లాగినవాటిలోనూ అవున్నాయి. అయితే దాన్ని ఏ వర్క్‌షాపు ఖాతాలో వేయాలి? క్రూ, డార్బీ, హార్విచ్‌లు చేశాయి. అంతకు మించి ఆర్మ్‌స్ట్రాంగ్ విట్‌వర్త్, వల్కన్ ఫౌండ్రీ అనే ప్రైవేటు సంస్థలు వందల సంఖ్యలో చేశాయి.

ప్రైవేటు సంస్థలు, మన రైళ్లు

భారతదేశం ఈ కథలోకి వచ్చేది ఆ ప్రైవేటు సంస్థల ద్వారానే. 1870లలో క్రూ వర్క్‌షాపు పొరుగు కంపెనీకి ఇంజిన్లు తయారు చేసి ఇచ్చింది. ప్రైవేటు తయారీదారులు కోర్టుకెక్కి, రైల్వే కంపెనీల వర్క్‌షాపులు సొంత అవసరాలకే ఇంజిన్లు చేసుకోవాలి తప్ప బయట అమ్మకూడదని 1876లో నిషేధాజ్ఞ తెచ్చుకున్నారు. స్విండన్, క్రూ, డాంకాస్టర్‌లు విదేశీ మార్కెట్‌కు దూరమయ్యాయి. కనుక మన దేశానికి వచ్చిన బ్రిటిష్ ఇంజిన్లు గ్లాస్గో, మాంచెస్టర్, లీడ్స్‌ల ప్రైవేటు సంస్థల నుంచి వచ్చాయి. ఆ ఆజ్ఞకు ముందే, 1853లో బొంబాయి, ఠాణేల మధ్య తొలి రైలును లాగిన ఇంజిన్లు వల్కన్ ఫౌండ్రీవి. ‘ఫెయిరీ క్వీన్’ 1855లో లీడ్స్‌లో తయారైంది. స్వాతంత్ర్యం తర్వాత మన గూడ్సు రైళ్లకు వెన్నెముకగా నిలిచిన డబ్ల్యూజీ తరగతిలో తొలివాటిని గ్లాస్గోకు చెందిన నార్త్ బ్రిటిష్ సంస్థ సరఫరా చేసింది. ఆ తర్వాత చిత్తరంజన్‌లో తయారీ సాగి, 1970లో ‘అంతిమ్ సితారా’తో ముగిసింది.

వీటిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేవి మాంచెస్టర్ బేయర్ పీకాక్ సంస్థ గారెట్ ఇంజిన్లు. ఒకే బాయిలర్‌ను మధ్యలో వేలాడదీసి, దాని ముందొకటి, వెనకొకటి చక్రాల బండ్లను అమర్చడం వాటి ప్రత్యేకత. బాయిలర్ కింద చక్రాలు అడ్డురావు కాబట్టి మంటగదిని లోతుగా, వెడల్పుగా కట్టవచ్చు. బరువు ఎక్కువ ఇరుసుల మీద పరుచుకుంటుంది, మలుపుల్లో సులువుగా తిరుగుతుంది. వాల్టేరు దాకా విస్తరించిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1930 ప్రాంతంలో తెప్పించుకున్న ‘ఎన్’ తరగతి గారెట్లు మన దేశంలో నడిచిన అతి పెద్ద ఆవిరి ఇంజిన్లలో ఉన్నాయి. బరువైన గూడ్సు రైళ్లను అవి దశాబ్దాల పాటు లాగాయి.

ఇదే సంస్థ బ్రిటన్‌లోని లండన్ మిడ్‌లాండ్ అండ్ స్కాటిష్‌కు 33 గారెట్లు ఇచ్చింది. అక్కడ డార్బీ వర్క్‌షాపు తన పాత పద్ధతి చిన్న బేరింగులు, తక్కువ దూరం కదిలే వాల్వులు పెట్టాలని పట్టుబట్టింది. ఆ ఇంజిన్లు బేరింగులు వేడెక్కి తరచూ మరమ్మతుకు వెళ్లేవి, 1950లలోనే తుక్కుకు పోయాయి. బెంగాల్ నాగ్‌పూర్ వారు తమ పనికి కావలసింది అడిగి చేయించుకున్నారు, వాటిలో ఒకటి ఇప్పటికీ ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియంలో ఉంది. బ్రిటన్ అభిమానుల జాబితాల్లో దాని పేరు అరుదుగా కనిపించడానికి 1876 నాటి ఆ కోర్టు ఆజ్ఞ కూడా ఒక కారణమని నేననుకుంటాను. ఆ ఆజ్ఞ తర్వాత ప్రైవేటు సంస్థలు విదేశాలకు చేసి పంపిన ఇంజిన్లన్నీ ఆ అభిమానుల ఊళ్లకు దూరంగా, వాళ్లు చూడని పట్టాల మీదే పనిచేశాయి.